అవ్వ విప్పిన నల్లకాగితం

అరవైల నాటి మాట. హిందూపురంలో ఒక డాక్టరు దగ్గర ఎక్స్‌రే గదిలో నర్సుగా చేసేదాన్ని. ఆయన ఫిల్ము ముక్కను నల్లకాగితంలో చుట్టి, పిన్నీసుతో పైటకు గుచ్చుకోమనేవాడు. కిరణాలు తగిలితే ఫిల్ము నల్లబడుతుంది. కడిగి చూస్తే ఒంటికి ఎంత తగిలిందో తెలుస్తుంది. అంతే దాని పని. పెనుకొండలో మా ఇంట్లో ఉన్న అవ్వ మాత్రం అది తాయత్తనే అనుకునేది.

అప్పుడు నాకు తొలిచూలు. ఒక సాయంత్రం బస్సుకు టైమైందని సంచి చంకన పెట్టుకునే, రోగి వెళ్ళిపోయిన గదిలోకి ఎక్స్‌రే ప్లేటు తీయడానికి పోయాను. గుయ్యిమని శబ్దం. ఫ్యాననుకున్నా. బల్ల తుడిచాను, దుప్పటి మడిచాను. అంతలో డాక్టరు కేకలేస్తూ వచ్చి మెయిను ఆపేశాడు. స్విచ్చి ఇరుక్కుపోయిందట, మిషను ఆగనే లేదట!

పైటకున్న ఫిల్ము కడిగాడు. బొగ్గులా వచ్చింది. బిడ్డకేమవుతుంది సార్ అంటే, "రేపు మాట్లాడదాంలేమ్మా" అన్నాడు. రేపంట, రేపు! దారిలో సోమందేపల్లి దాటినా బస్సులో కూర్చోలేకపోయాను. సీటున్నా నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పి ఏడ్చాను.

"అదెట్ల తగుల్తాదమ్మీ? పొద్దున నువ్వు నీళ్ళు పోసుకుంటాంటే ఆ కాగితం విప్పినా. లోపల ఉత్త అట్టముక్క ఉండాది. అది యాడ కాపాడ్తాదని సామి విబూది ఏసి మళ్ళా చుట్టినా."

"విప్పితివా? వెలుతుర్లోనా?"

"చీకట్లో ఏం కనపడ్తాది?"

వెలుతురు తగిలితే ఫిల్ము నల్లబడక ఏం చేస్తుంది! అవ్వను కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. ఆ నలుపు అవ్వ పనే అయితే, మరి నాకు తగిలిందెంత? అది చెప్పేదేదీ ఇక లేదు.

మరునాడు డాక్టరు విని తల పట్టుకున్నాడు. ఉన్నట్టుండి, "నిన్న చంకలో సంచి ఉండె కదా, దాంట్లో ఏముండాది?" అన్నాడు.

ధర్మవరంలో మా చెల్లెలి పెళ్ళికి తీసిన ఫోటో రీలు! స్టూడియోలో ఇవ్వాలని పెట్టుకున్నది. అదీ ఫిల్మే, కిరణాలు తగిలితే చెడేదే. ఆ గదిలో ఉన్నంతసేపూ సంచి చంకనుంచి వేలాడుతూ నా పొట్టనానుకునే ఉంది.

"మొగాలు కనపడకుండా పోయినాయంటే..." అని ఆగిపోయాడు.

స్టూడియోలో చీకటిగది తలుపు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. స్టూడియో అతను కడిగిన రీలు తెచ్చి ఇస్తే, నా వెంట వచ్చిన డాక్టరు కిటికీకి ఎత్తిపట్టాడు. మంచు పట్టినట్టు కొంచెం మసక. ఆ మసకలోనే చెల్లెలు, పెళ్ళికొడుకు, చెల్లెలి పట్టుచీర అంచు, పక్కన పొట్టతో నేను.

"తగిలింది గానీ, తక్కువేనమ్మా."

తక్కువంటే ఎంత? కాన్పయ్యేదాకా ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది. తన పెళ్ళి ఫోటోలు మసకబారాయని చెల్లెలు చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

పిల్ల పుట్టగానే కెవ్వుమంది. వేళ్ళూ చెవులూ తడిమి తడిమి చూశాను. అవ్వ తాయత్తు తెచ్చింది. లాక్కుని విప్పి చూశాను. ఉత్త విబూదే. మళ్ళీ చుట్టి, నేనే కట్టాను.