ఐగుప్తు గాదెలు

కోతపండగకి చర్చిలో కొత్త ధాన్యం పోస్తే, ఆ వాసనకి నాకు పిరమిడ్లు గుర్తొస్తాయి.

చీపురుపల్లిలో మా అమ్మమ్మ సండేస్కూల్ చెప్పేది. ఐగుప్తు, అంటే ఈజిప్టు, కరువు పాఠం వచ్చినప్పుడు పిరమిడ్ల బొమ్మ పైకెత్తి, "కరువొస్తాదని ముందే గింజలు దాసిన గాదెలు ఇయే" అనేది.

ఐదో తరగతిలో మేష్టారు పిరమిడ్ల లోపల ఏముంటుందని అడిగితే అందరికంటే ముందు లేచి, "ధాన్యం" అన్నాను. క్లాసంతా నవ్వింది. అవి రాజుల సమాధులని ఆయన చెప్పారు.

ఇంటికొచ్చి బడి పుస్తకం అమ్మమ్మ ఒళ్లో పడేశాను. "అవి గాదెలు కావట, సమాధులట. నీవల్లే అందరూ నన్ను సూసి నవ్వారు."

అమ్మమ్మ ఆ పేజీ చాలాసేపు చూసింది. చిన్నప్పుడు తిండి దొరక్క మామిడి టెంకల అంబలి తాగి బతికిన మనిషి.

"సచ్చినోడికా ఇంత కొండ?" అంది. "మరి కరువొస్తే జనం ఏటి తిన్నారే?"



తర్వాతి ఆదివారం ఆ పాఠం చెబుతూ, బొమ్మలో పిరమిడ్లని అరచేత్తో మూసి, పక్కనున్న ఒంటెల్ని మాత్రం చూపించింది. గాదెల మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఫోన్లో ఎవరో కోటు వేసుకుని పిరమిడ్లని వేరే గ్రహం వాళ్లు కట్టారంటే మా పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నేనూ వింటాను, అడ్డు చెప్పను.

ఆ ఆదివారం అమ్మమ్మ బొమ్మ మీద చెయ్యి తియ్యకుండానే, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూసింది. నేను మేష్టారిలా తలూపాను.