వెనక సీటు లేని కారు

సీటుబెల్టు అని వీధంతా పిలుచుకునే బడి వ్యాన్ల ఆయన దివాలా తీశాడని, వ్యాన్లు రెండూ అమ్ముకున్నాడని, ఆఖరికి నల్లకారు కూడా నిలబెట్టుకోలేక ఆ ఎర్ర డబ్బా తెచ్చుకున్నాడని వీధిలో తిరుగుతున్న మాటలో వీసమెత్తు నిజం లేదు. ఆ మాటను కన్నది మందుల షాపు ఆవిడ. పెంచి పెద్ద చేసింది దగ్గు మందు కోసమని వెళ్లి అక్కడే గంటసేపు నిలబడే జనం. వ్యాన్లు రెండు కాదు, ఇప్పుడు మూడు. మూడోది పోయిన నెల వచ్చింది. కళ్లున్నవాళ్లకు సందు చివర కనబడుతూనే ఉంది.

ఇంకో మాట కూడా ఉంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఎవరినో వెంటేసుకుని తిరగడానికే ఆ రెండు తలుపుల కారు కొన్నాడని. ఆ మనిషి మొహం ఒక్కసారి నిదానంగా చూసినవాళ్లెవరూ అలా అనరు. ఇరవై రెండేళ్లు ఇంకొకరి కారు తోలి, ఇంటికొచ్చి చొక్కా మేకుకు తగిలించి, పెట్టింది తిని పడుకున్నవాడు. ఆయన ఒంట్లో అంత సాహసం ఎక్కడిది?

జరిగింది వేరు. అది తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉంది. ఆయన భార్య, బడిపిల్లల యూనిఫాంలు కుట్టే టైలరమ్మ. ఆవిడ మాత్రం నోరు విప్పదు. విప్పితే ముందు బయటపడేది ఆవిడ బండారమే.

నల్లకారు మొదట ఒక సిమెంటు ఆసామిది. సీటుబెల్టు ఆయన దగ్గర డ్రైవరు. అక్కడ పని చేస్తూనే కూడబెట్టి రెండు వ్యాన్లు కొన్నాడు, బడిపిల్లల్ని తిప్పడం మొదలుపెట్టాడు. వ్యాను ఎక్కిన ప్రతి పిల్లనూ పిల్లాడినీ, తోడొచ్చిన టీచర్లను సైతం, బెల్టు పెట్టుకో, బెల్టు పెట్టుకో అని పీక్కు తినేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆసామి పోయాక కొడుకులు కొత్త కార్లు కొనుక్కున్నారు. పాతదాన్ని వదిలించుకోబోతుంటే ఈయన అడిగి తీసుకున్నాడు. పడవంత పొడుగు, తోలు సీట్లు, తలుపు వేస్తే బయట లోకం ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం.

కారు ఇంటికి వచ్చిన మొదటి రోజు ఆయన దాన్ని గుమ్మం ముందు ఆపి, దిగి, చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. చేతికి పడిపోయిన అలవాటు. టైలరమ్మ ఎక్కి కూర్చుంది. ముందు కూర్చుంటానని ఆవిడ అనలేదు, ముందు కూర్చోమనాలని ఆయనకు తోచలేదు. ఆరేళ్లు అలాగే గడిచింది.

ఆవిడ కూర్చునేది ఆసామి కూర్చున్న మూలలోనే. పక్కన చేతిసంచి, దానికి ఒక మనిషి పట్టే చోటు. ఎదురైన వాళ్లను పలకరించాలంటే అద్దం రెండు వేళ్ల మందాన దించేది. "ఏం, బజారుకేనా?" అని ఆ సందులోంచి ఒక ప్రశ్న బయట పడేది. జవాబు అందేలోపు అద్దం పైకి పోయేది. తెల్లారి లేస్తే పిల్లల నిక్కర్లకు బొత్తాలు కుట్టే మనిషికి ఇదెక్కడి వైభోగమని వీధి మూతి తిప్పుకునేది. వీధి మూతి తిప్పుకోవడం ఆవిడకు అద్దంలోంచి బాగా కనబడేది, బాగా నచ్చేది కూడా.

పెద్దవాళ్ల కార్లు తోలే డ్రైవర్లకు ఒక పద్ధతి ఉంటుంది. లోపలి అద్దాన్ని పైకి తిప్పి ఉంచాలి. అందులో వెనకొచ్చే బండి కనబడాలి గానీ వెనక కూర్చున్న మనిషి మొహం పడకూడదు. వెనకనుంచి మాట వస్తేనే ముందునుంచి మాట పోవాలి. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా వెనక సీటుకు మాత్రం బెల్టు పెట్టుకోమని చెప్పకూడదు. సీటుబెల్టు ఈ మూడింటినీ పెళ్లాం దగ్గర కూడా తు.చ. తప్పకుండా పాటించాడు. వీధిలో అందరి ప్రాణం తీసే ఆ మాటను ఆరేళ్లలో ఆవిడకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆవిడ దాన్ని మర్యాద అనుకుని మురిసిపోయింది.

అలా ఉండగా బట్టల షాపు ఆవిడ తన షాపుకు పై అంతస్తు తెరుస్తూ టైలరమ్మను పిలిచింది. యూనిఫాం గుడ్డ ఆ షాపుదే, కుట్టుపని ఇప్పించేది కూడా ఆవిడే. అంతవరకూ టైలరమ్మకు తెలిసింది ఆ షాపు వెనక గుమ్మం. గుడ్డ మూటలు అక్కడే చేతికిచ్చేవారు. ఈసారి ముందు గుమ్మం, అద్దాల మెట్లు, పైన డబ్బున్న ఆడవాళ్ల మధ్య ఒక కుర్చీ.

గేటు మనిషి పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తీశాడు. సీటుబెల్టుకు మాత్రం పెరట్లో ఉన్న రేకుల షెడ్డు చూపించాడు, డ్రైవర్లంతా అక్కడ అని. నేను ఆవిడ మొగుణ్ణయ్యా అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు ఆ మహానుభావుడు. బుద్ధిగా తలూపి కారు అటు తిప్పాడు. మిగతా డ్రైవర్ల పక్కన బల్లమీద కూర్చుని, ఇచ్చిన టీ తాగాడు.

పైన కిటికీలోంచి ఆ షెడ్డు కనబడుతూనే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి మొగుళ్లూ ఆ హాల్లోనే, ఇస్త్రీ మడత నలగని చొక్కాల్లో నిలబడి ఉన్నారు. కింద కూర్చున్న మనిషి చొక్కా కాలరు అరిగిపోతే టైలరమ్మే విప్పి, తిరగేసి కుట్టింది. ఆ కుట్టు ఇంత దూరానికి కనబడదని తెలిసినా ఆవిడకు కనబడుతూనే ఉంది. చూపు తిప్పేసుకుంది. మళ్లీ అటు చూసి ఉంటే బల్లమీద గ్లాసు ఉందని, మనిషి లేడని తెలిసేది.

"ఆ నల్లకారు మీదేనా?" అని అడిగింది బట్టల షాపు ఆవిడ. "నడిపింది మీవారా?"

"అబ్బే, డ్రైవరండీ," అంది టైలరమ్మ.

వెనకనుంచి ఒక గొంతు వినబడింది. "ఫోను కార్లో మర్చిపోయారు, అమ్మగారూ."

రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది, తీసుకుంది. ఆయన పక్కకు తప్పుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిరిగి వెళ్లేటప్పుడు వెనక తలుపు తీశాడు, ఆవిడ ఎక్కింది. దారిలో మొదటిసారి లోపలి అద్దంలోకి చూసింది. కారు పైకప్పు తప్ప ఏమీ కనబడలేదు. ఇంటికొచ్చాక కూడా ఆయన మామూలుగానే తిన్నాడు, మామూలుగానే పడుకున్నాడు. తిట్టినా బాగుండేదని ఆవిడకు అనిపించింది. తిట్టే మొగుడైతే ఆ షెడ్డుకే వెళ్లేవాడు కాదు.

పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు పొద్దున నల్లకారుతో పాత కార్ల బజారుకు వెళ్లిన మనిషి, మధ్యాహ్నానికి ఎర్రదానిలో వచ్చాడు. నల్లది ఇచ్చి దీన్ని తీసుకుంటే ఇంకా సొమ్ము మిగిలింది. ఆ మూడో వ్యాను దానితోనే వచ్చింది. దివాలా అన్నవాళ్లు ఇది చెవిలో వేసుకోవాలి.

ఆ ఎర్రదాని సంగతి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. రోడ్డుకు పొట్ట ఆనించి పడుకున్న కప్పలా ఉంటుంది. రెండే తలుపులు, రెండే సీట్లు. వెనక ఒక రెక్క ఉంది. దానితో ఎగరలేము, చేతిరుమాళ్లు మాత్రం ఆరేసుకోవచ్చు. స్టార్టు చేస్తే జలుబు చేసిన ఎద్దులా గుర్రుమంటుంది. అంత గుర్రుమన్నాక ఎక్కడికో దూసుకుపోతుందనుకుంటాం. సీటుబెల్టు దాన్ని బడి వ్యాను నడిపినంత వేగంతోనే నడుపుతాడు. సందు మలుపులో గతుకు వస్తే కింద గీసుకుపోతుందని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్ని బతిమాలుతూ దాటిస్తాడు. వెనకనుంచి సైకిలు మీద పాలవాడు దాటిపోతాడు. ఇక దిగడం చూడాలి. ముందు ఒక కాలు బయటికొస్తుంది, తర్వాత ఒక మూలుగు, తర్వాత కారు కప్పు పట్టుకున్న చెయ్యి, చాలాసేపటికి మనిషి.

ఎందుకు కొన్నావని అడిగినవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు ఒక్కటే, తేలిగ్గా ఉంటుందని. టైలరమ్మ వీధికి చెప్పింది పెట్రోలు కలిసొస్తుందని. ఆయన్ను మాత్రం ఆవిడ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనన్నదే ఆవిడ భయం. అయిదు వారాలు గుడ్డ మూటలు చంకన పెట్టుకుని బస్సులోనే తిరిగింది. ఎర్రకారు తలుపు మీద చెయ్యి కూడా వేయలేదు.

ఆవిడ అక్క చూడ్డానికి వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఏమే, ఇందులో ఎక్కాలంటే ముందు మోకాళ్లు ఊడదీసి ఇంట్లో పెట్టి రావాలా?"

"నన్నడుగుతావేం? ఆయన్నడుగు."

"అడిగాను. తేలిగ్గా ఉంటుందట. ఉండదూ మరి, సగం కారు లేకపోతే?"

సరిగ్గా అప్పుడే బట్టల షాపు ఆవిడ కబురు పెట్టింది. ఆదివారం ఇంటికి భోజనానికి రమ్మని, వచ్చే ఏడాది ఇంకో రెండు బళ్ల యూనిఫాంల గురించి మాట్లాడుకోవాలని. కబురు చివర ఒక ముక్క చేర్చింది. ఈసారి మీవారిని కూడా తప్పకుండా తీసుకురండి.

టైలరమ్మ చేతిలో ఉన్న కత్తెర అలాగే ఆగిపోయింది. అప్పుడు చెప్పింది అక్కకు, షాపులో తను అన్న మాట, వెనకనుంచి వినబడిన మాట. అక్క ముక్కున వేలేసుకుంది. ఏ మొహం పెట్టుకుని తీసుకెళతావే అంది. కానీ ఉపాయాలు చెప్పకుండా ఉండగలిగే మనిషి కాదు.

"మీసం తీసేయమను. మీసం లేకపోతే ఆ మొహాన్ని నువ్వే గుర్తుపట్టలేవు."

"ఊరుకో అక్కా."

"సరే, ఆ నల్లకారు ఇంకా బజార్లోనే ఉందేమో చూడు. ఒక్క పూటకు అడుగు. మీ వ్యాను డ్రైవరు ఒకడు తోలతాడు. మీ ఆయన కోటు తొడుక్కుని నీ పక్కన వెనక కూర్చుంటాడు. కోటు తొడుక్కుని వెనక కూర్చున్నవాణ్ణి డ్రైవరనే మొనగాడు ఇంకా పుట్టలేదు."

ఇంత తెలివితక్కువ ఉపాయం ఇంకొకటి ఉండదు. టైలరమ్మకు అది అమృతంలా వినబడింది. శనివారం బస్సెక్కి పాత కార్ల బజారుకు వెళ్లింది. నల్లకారు అక్కడే ఉంది, ముందు అద్దానికి ఒక అట్టముక్క అంటించుకుని. కార్ల వ్యాపారి ఆవిడ వాలకం చూసి కొనడానికే వచ్చిందనుకున్నాడు. ఒక్క పూటకు అద్దెకివ్వమని అడగడానికి ఆవిడ గొంతు సవరించుకునేలోపే వెనక తలుపు తీశాడు. ఆవిడ కాళ్లు ఆవిడను అడగలేదు, ఎక్కేశాయి. అదే మూల, అదే తోలు వాసన. ఎదురుగా డ్రైవరు సీటు, తల ఆనే చోట నూనె మరక. ఆరేళ్లు తను చూసింది ఆ మరకనే. పైన అద్దం ఇంకా కప్పుకేసే తిరిగి ఉంది.

"చాలా పొందిగ్గా వాడిన బండమ్మా," అన్నాడు వ్యాపారి. "మీ డ్రైవర్ని పంపించండి, ఒకసారి తోలి చూస్తాడు."

టైలరమ్మ దిగింది. అద్దె మాట ఎత్తకుండానే బస్టాపుకు నడిచింది.

ఆదివారం పొద్దున సీటుబెల్టు తలంటుకుని, చొక్కా వేసుకున్నాడు. అదే చొక్కా, తిరగేసి కుట్టిన కాలరు. అలమరలో ఇంకో రెండు మంచివి ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. మీసం దువ్వుకున్నాడు. ఎర్రకారు గుమ్మం ముందుకు తెచ్చి ఆపాడు. ఈసారి దిగలేదు, చుట్టూ తిరిగి రాలేదు. లోపలినుంచే చెయ్యి చాపి పక్క తలుపును బయటికి తోశాడు.

టైలరమ్మ గడప మీదే నిలబడింది. ఇందులో వెళితే బట్టల షాపు ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుంది. డ్రైవరు దిగుతాడు, మొగుడై దిగుతాడు. రెండు బళ్ల పని ఉంటుందో ఊడుతుందో, ఆ ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎన్నాళ్లు నవ్వుతారో. వెళ్లకపోతే మళ్లీ వెనక గుమ్మమే. ఎదురుగా మందుల షాపు ఆవిడ సీసాలు సర్దుతున్నట్టు నటిస్తూ మెడ చాపింది. ఆ మెడను చూశాక టైలరమ్మకు ఒళ్లు మండింది. మెట్లు దిగి, ఆ దిక్కుమాలిన కారు ఎత్తుకు నడుం వంచి, లోపలికి తల పెట్టింది.

"ఆ కారు ఎందుకు ఇచ్చేశారు? ఆ రోజు నేనన్న మాటకేనా?"

సీటుబెల్టు స్టీరింగు మీదనుంచి చేతులు తీయలేదు. లోపలి అద్దాన్ని మాత్రం కొంచెం కిందికి తిప్పాడు.

"వెనక తలుపున్న కారు ఉంటే నా చెయ్యి ఊరుకోదు, తీస్తుంది. నువ్వూ ఊరుకోవు, ఎక్కుతావు. అందుకని ఆ తలుపే లేనిది తెచ్చాను. కూర్చో. బెల్టు పెట్టుకో."