నిద్రగన్నేరు మీద బాతులు

వీరవేణి బాతులకు గొంతు లేదు. ఊళ్ళో మిగతావాళ్ళ బాతులు కాలువ రేవు అదిరేలా గోల చేస్తుంటే, ఇవి మాత్రం మెడ ఆడిస్తూ, ఏదో రహస్యం చెప్పబోయి మానేసినట్టు బుసబుసలాడేవి. కళ్ళ చుట్టూ ఎర్రటి పులిపిర్లు, నల్లటి రెక్కల్లో ఆకుపచ్చ మెరుపు. ఆమె భర్త లోవరాజు గోదావరిలో చేపలు పడతాడు. ఓసారి వల దారం కొనడానికి కాకినాడ వెళ్ళి, గంపలో ఒక జంటను పెట్టుకొచ్చాడు. వాటి మొహం చూసి, "వీటికి అమ్మవారు పోసిందేంటే?" అని ఊరంతా నవ్వింది. ఆ జంటే పిల్లలు పెట్టి, పిల్లలు మళ్ళీ పిల్లలు పెట్టి, పాలకొల్లు కాలువ గట్టునున్న ఆ చిన్న దొడ్డిని నింపేసింది.

పగలు వాటికి కాపలా లేదు, కట్టు లేదు. కొబ్బరితోట బోదెల నీళ్ళలో నత్తలు ఏరుకునేవి, అరటిచెట్ల నీడన కునికేవి. పొద్దువాలి పెరట్లో నిద్రగన్నేరు ఆకులు ముడుచుకునే వేళకు వీరవేణి తవుడు గిన్నెను గరిటెతో కొట్టేది. ఎక్కడెక్కడి పెట్టలూ నీళ్ళు విదిలించుకుని గాల్లోకి లేచేవి. కాలువ మీద ఒక చుట్టు, కొబ్బరి మొవ్వుల పక్కగా ఒక చుట్టు. వచ్చి తవుడు తిని, ఒక్కొక్కటే నిద్రగన్నేరెక్కి కొమ్మల మీద పడుకునేవి. పుంజు మాత్రం ఒళ్ళు బరువుకు ఎగరలేక, చెట్టు కిందే తిరుగుతూ చిన్నబుచ్చుకునేది.

వీరవేణి గుడ్లు అమ్మేది, పిల్లల్ని అమ్మేది. ఆ కాసేపటిని మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. అవి పైన చుట్టు తిరుగుతుంటే ఆమె కాళ్ళు కూడా నేలను కొంచెం వదిలినట్టుండేవి.

ఊళ్ళోకి ఎస్‌టీడీ బూత్ వచ్చిన ఏడు, ఎండాకాలమంతా కట్టేసిన కాలువకు జూన్‌లో నీళ్ళు వదిలారు. ఎర్రటి కొత్తనీరు చూసి బాతులకు ఒళ్ళు తెలియలేదు. ఎగిరి ఎగిరి అవతలి గట్టున భీమరాజుగారి సార్వా వరి నారుమడిలో దిగాయి. అప్పుడే చల్లిన మొలక విత్తనం. తిన్నంత తిని, తొక్కినంత తొక్కాయి.

"ఏంటమ్మా వీరవేణీ, నేను మొలక చల్లింది నీ బాతుల ఫలహారానికా?" అంటూ భీమరాజుగారు వాకిట్లోకొచ్చారు.

"తప్పైపోయిందండి రాజుగారూ. కొత్తనీళ్ళు కదండీ, పిచ్చెక్కిపోయాయండి."

"రెక్కలన్నా కత్తిరించు, ఆదివారం కోతకన్నా ఇచ్చెయ్. ఇంకోసారి నా మళ్ళో వాలితే ఒక్కటి కూడా నీ ఇంటికి తిరిగి రాదు. ఆ తర్వాత నన్నేమీ అనకు."

మర్నాడు లోవరాజు కత్తెర చేతికిచ్చాడు. "ఒక రెక్కే కత్తిరించు. ఈకలే కదా, నొప్పుండదు. మళ్ళీ వచ్చేస్తాయి" అని చెప్పి పడవ మీద వెళ్ళిపోయాడు.

మొదటి పెట్టను మోకాళ్ళ మధ్య పెట్టుకుని రెక్క విప్పింది వీరవేణి. తడి ఆకుల వాసన. ఒక రెక్కేనా? పడవకు ఒక పక్కే తెడ్డేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పాపం ఇవి కూడా అలా తిరగాలా? మనసొప్పలేదు. పసిపిల్లకు జుట్టు సవరించినట్టు రెండు రెక్కల కొసలూ సమానంగా కత్తిరించింది. అన్నిటికీ అలాగే. ఇక ఎగరలేవులే అని కాలువలోకి వదిలేసింది.

సాయంత్రం గిన్నె కొట్టింది. పెట్టలు లేచాయి. కొబ్బరి మొవ్వుల దాకా రాలేదు గానీ, నీళ్ళకు నిలువెత్తున ఒక చుట్టు తిరిగాయి. ఎగురుతున్నాయన్న సంతోషం ఆమె గుండె దాకా వచ్చేలోపే అవి పక్కకు ఒరిగి, తిన్నగా భీమరాజుగారి మళ్ళో వాలాయి.

గిన్నె చేత్తో పట్టుకునే, కాలువ మీది తాటిదుంగ వంతెన దాటి పరుగెత్తింది. భీమరాజుగారు అప్పటికే కర్రతో వస్తున్నారు. ఆమె మోకాలి లోతు బురదలో దిగి, బాతులకూ కర్రకూ మధ్య నిలబడింది. అప్పుడే పడవ గట్టుకు కట్టి పైకొచ్చాడు లోవరాజు. ఒక పెట్టను పట్టుకుని రెక్కలు విప్పి చూసి తల బాదుకున్నాడు.

"ఒసే, గిరగిరా తిరగాలనే కదే ఒక రెక్క తియ్యమంది! రెండు తెడ్లూ పొట్టి చేస్తే పడవ ఆగుద్దా?"

భీమరాజుగారి కర్ర కొంచెం దిగింది. "ఇప్పుడన్నా ఒక రెక్క తీయించు. ఇక్కడే, నా ఎదురుగా."

లోవరాజు కత్తెర కోసం కదిలాడు. వీరవేణి తలెత్తింది.

"రాజుగారూ, వాటిని కట్టడం నావల్ల కాదండి. మీ మడినే కట్టేస్తానండి."

"నా మడినా?"

"పాత వలుందండి. గుంజలు పాతి పైన పరిచేస్తాను. బాతు కాదు కదా, పిచ్చుక కూడా దిగదండి. తొక్కిన చోట మొలక నేనే తెచ్చి చల్లుతానండి."

"నా నారుమడిని గోదారనుకున్నావేంటి?"

"ఆయ్, పులస పడితే తల మీకేనండి," అన్నాడు లోవరాజు.

భీమరాజుగారి మీసం కింద నవ్వు కదిలింది. "ఒక్క చిల్లున్నా ఊరుకోను," అంటూ కర్ర భుజాన వేసుకున్నారు.

మర్నాడు పొద్దుటినుంచీ వీరవేణి వల చిల్లులు పూడుస్తూనే ఉంది. మడి మీద వల గాలికి సన్నగా ఊగేది, కింద మొలకలు పచ్చగా లేచేవి. సాయంత్రాలు బాతులు దాని మీదుగా తక్కువ ఎత్తున పోతుంటే వాటి నీడలు వల కళ్ళలోంచి జారి నీళ్ళలో పడేవి. నిద్రగన్నేరు పై కొమ్మలు అందక, చేతికందే కింది కొమ్మ మీద వరసగా పడుకునేవి.

నాట్లయి, వల ఇంటికొచ్చేసింది. వానల్లో బాతులు పాత ఈకలు రాల్చుకుని కొత్తవి తొడుక్కున్నాయి. ఒక సాయంత్రం ఆమె గిన్నె కొట్టబోతుండగా ఒక పెట్ట కాలువలోంచి తనంతట తనే లేచింది. కొబ్బరి మొవ్వుల పక్కగా చుట్టు తిరిగి, నిద్రగన్నేరు చిటారున దిగింది. కొమ్మ ఒకసారి వంగి, లేచింది. చుట్టూ ఆకులు ముడుచుకుంటున్నాయి. వీరవేణి చేతిలో గరిటె అలాగే గాల్లో ఉండిపోయింది.