మేనత్త అడిగిన సవరణ

మా మేనత్త పోయిన నెల ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. గౌలిపురలోని తన ఇంట్లో బర్రెలకు దాణా పెట్టి వచ్చి మంచం మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. ఆమె కూతురు, అంటే నా మరదలు, ఫోన్ చేసి రెండే మాటలు చెప్పింది. "బావా, అమ్మ లేదు. ఇయ్యాల పాలు జర ఆలస్యమైతయి."

రెండో మాట ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థం కాలేదు. నేను గౌలిపుర బయలుదేరుతుండగా ఛత్రినాకలోని మా గుమ్మం ముందు పాలక్యాను దిగింది. వాళ్ల పక్కింటి ఆటో అతను తెచ్చాడు. ఆ క్యాను మేనత్త నడిపే తెల్ల అంబాసిడర్ డిక్కీలోంచి కాకుండా ఇంకో బండిలోంచి దిగడం నేను చూడటం అదే మొదటిసారి. చావు జరిగిన ఇంట్లోంచి కూడా పాలు వేళకు పంపాలన్నది మేనత్త పద్ధతి. ఆమె లేని మొదటి గంటలోనే కూతురు దాన్ని పాటించింది.

నేను విలేకరిని. చాలామంది గురించి సంస్మరణలు రాశాను. దీన్ని రాయడం ఆలస్యమైంది, ఎందుకంటే దీనితో పాటు ఒక సవరణ కూడా రాయాల్సి ఉంది. మేనత్త దాన్ని ఏళ్ల తరబడి అడిగింది.

ఆ కారు మొదట మా మామది. ఆయన ఒక ప్రభుత్వరంగ సంస్థలో డ్రైవర్. అధికారుల కోసం ఆ అంబాసిడర్‌నే ఏళ్లపాటు నడిపాడు. సంస్థ పాత బళ్లను వేలం వేసినప్పుడు తాను నడిపినదాన్నే పాడుకున్నాడు. అంతకన్నా కొత్తది అదే వరుసలో నిలబడి ఉందట. ఎందుకు వదిలేశావని అడిగితే, "దీని రోగాలన్ని నాకు ఎరుకే. దాని రోగాలు మల్ల మొదటి సంది నేర్సుకోవాలె" అన్నాడు. అంబాసిడర్ గురించి దాని యజమానులు చెప్పగా నేను విన్న మాటల్లో ఇంత నికార్సయినది ఇంకొకటి లేదు. మామ ఆ కారును సొంతానికి ఎక్కువ కాలం నడపలేదు. గుండె ఆగి పోయాడు.

పెద్దలంతా కారు అమ్మెయ్యమన్నారు. మేనత్తకు సైకిల్ తొక్కడం కూడా రాదు. ఆమె ఒప్పుకోలేదు. "హోటళ్లకు పాలు నేను నెత్తిన మొయ్యాల్నా? డిక్కీల నాలుగు క్యాన్లు పడ్తయి" అంది. సందు చివర షెడ్డులో పనిచేసే మెకానిక్ ఉస్తాద్ ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. ఆ షెడ్డులో స్కూటర్ల వాళ్లంతా చేరి నవ్వేవాళ్లని ఆయనే నాకు చెప్పాడు. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. మనిషి పొట్టి. బానెట్ అవతల రోడ్డు కనిపించడానికి గోనెసంచి నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చునేది. స్టీరింగ్ పక్కన ఉండే గేరు కొమ్మను కవ్వం పట్టుకున్నట్టు పట్టుకునేది. మొదటి నెలలో మూడు గోడలకు గీతలు పడ్డాయి. వాటిలో ఒకటి ఉస్తాద్ షెడ్డు గోడ. ఆ తర్వాత నవ్వులు ఆగాయి.

ఆ కారు చరిత్ర తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. ఇంగ్లండులోని ఒక కారు నమూనా మనకు వచ్చింది. బెంగాల్‌లో ఒక ఫ్యాక్టరీ దాన్ని అంబాసిడర్ పేరుతో యాభై ఏళ్లకు పైగా తయారు చేసింది. ముందు జాలీ, దీపాలు మారాయి, ఇంజన్లు మారాయి, గుండ్రటి వీపు మాత్రం అలాగే ఉండిపోయింది. మంత్రులు ఎక్కారు, కలెక్టర్లు ఎక్కారు, రైల్వే స్టేషన్ల ముందు ట్యాక్సీగా నిలబడింది, పెళ్లికొడుకులను మోసింది. యజమానులు దాన్ని తిట్టినంతగా ఇంకే కారునూ తిట్టి ఉండరు. పెట్రోలు తాగుతుందంటారు, స్టీరింగ్ తిప్పాలంటే పహిల్వాన్ భుజాలు కావాలంటారు. అదే నోటితో, ఎక్కడ ఆగినా సుత్తీ స్పానరూ ఉన్న మనిషి దొరికితే మళ్లీ కదులుతుందంటారు. ఒక్క షరతు ఉంది. తిట్టే హక్కు యజమానిదే. బయటివాళ్లు తిడితే ఊరుకోరు.

ఆ షరతు నాకు తెలియక తప్పు చేశాను.

ఫ్యాక్టరీ తయారీ ఆపేసిందని వార్త వచ్చినప్పుడు డెస్కు నన్ను ఒక వ్యాసం అడిగింది. నేను ఒక మాజీ డీలర్‌తో, ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకుడితో ఫోన్లో మాట్లాడి ఇంట్లో కూర్చుని రాశాను. నగరం రోడ్ల మీద అంబాసిడర్ చచ్చిపోయిందని రాశాను. ఎండాకాలంలో ఇంజన్ పక్కనుండే పెట్రోల్ పంపు వేడెక్కకుండా దానికి తడిగుడ్డ చుడితే తప్ప కదలని బండి అని ఒక చమత్కారం కూడా చేర్చాను. అది రాస్తూ రెండుసార్లు చాయ్ తాగాను. ఆ చాయ్‌లో పాలు ఆ పొద్దున అంబాసిడర్‌లోనే వచ్చాయి. నా వృత్తిలో ఇంత దగ్గరి సాక్ష్యాన్ని ఇంత తేలికగా వదిలేసింది ఆ ఒక్కసారే.

వ్యాసం అచ్చయిన రోజు మధ్యాహ్నం ఆఫీసు వాచ్‌మన్ పైకి ఫోన్ చేశాడు. "సార్, మీ అత్తమ్మనట. గేటుకు అడ్డం గాడీ పెట్టింది. తియ్యమంటె మిమ్ముల పిలవమంటున్నది."

కిందికి వెళ్లాను. గౌలిపుర నుంచి అంత దూరం, ఆ ట్రాఫిక్‌లో ఒక్కతే నడుపుకుంటూ వచ్చింది. పేపరు మడిచి చేతిలో పట్టుకుంది.

"గిది రాసింది నువ్వేనా అల్లుడా?"

"నేనే అత్తా."

"చచ్చిపోయిందని రాసినవు."

"అంటే, కంపెనీ చేసుడు ఆపేసింది గదా అని..."

"ఆపితె ఆపనీ. నన్ను కన్నామె గూడ ఎన్నడో కనుడు ఆపింది. నేను చచ్చిన్నా?"

వాచ్‌మన్ పక్కకు తిరిగి నవ్వాడు. "నవ్వకు భాయ్. నీ గేటు తియ్యి, లోపటికి తెచ్చి నీ సార్లందరికి సూపిస్త" అని వాడినీ కసిరింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"మనిషి చచ్చిండని రాసేటప్పుడు ఎవరినన్న అడుగుతరా, ఊకెనే రాస్తరా?"

"అడుగుతం అత్తా. డాక్టర్నో, ఇంటోళ్లనో."

"దీని ఇంటిదాన్ని నేనే. నన్నెందుకు అడగలె?"

ఆమె బానెట్ ఎత్తింది. పంపు మీద తడిగుడ్డ ఉంది, పాత నూలు చీర ముక్క. "దీన్ని ఎక్కిరించినవు. ఎండకు నీకు చెమట వడితె జేబుల రుమాలు తియ్యవా? దానికి చేతులు లెవ్వు. నేను సుడుత. అండ్ల నవ్వుడేంది?" అంది. వెళ్లేముందు అద్దం దించి, "తప్పు రాస్తె సవరణ ఏస్తరట గదా. ఎయ్యి" అని చెప్పింది.

నేను పైకి వెళ్లి డెస్కులో అడిగాను. అది వార్త కాదు, వ్యాసం, మీ మేనత్త కారు కోసం సవరణ వేయలేం అన్నారు. ఆ మాటకు నేను గట్టిగా అడ్డు చెప్పలేదు. ఈ సంగతి మేనత్తకు చెబితే కోపం తెచ్చుకోలేదు. "సరె. ఏసేదాక అడుగుత" అంది.

అడిగింది. బోనాలకు ఇంటికి వెళితే విస్తరి ముందు పెట్టి అడిగింది. మా అమ్మాయి పెళ్లిలో అక్షింతలు వేసి దిగుతూ అడిగింది. పొద్దున గుమ్మం ముందు పాలు కొలిచేటప్పుడు ఎక్కువ మాట్లాడేది కాదు. "ఏసినవా?" అనేది. "లేదత్తా." "మంచిది" అని డిక్కీ మూసేది.

ఆ ప్రశ్నకు నేను అలవాటు పడ్డాను. అందువల్లే మిగతావి గమనించాను. హోలీ దాటగానే నల్లా కింద చీర ముక్క తడపడం మొదలుపెట్టేది. తొలి వాన పడ్డాక దాన్ని ఉతికి, ఆరేసి, మడిచి సీటు కింద దాచేది. బోనాల ముందు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి సందంతటికీ సరిపడా బంతిపూలు తెచ్చేది. ఆ వారమంతా మా పాలకు బంతిపూల వాసన ఉండేది. బండిలో ఎవరు ఎక్కినా తలుపు వాళ్లను వేయనిచ్చేది కాదు, దిగి వచ్చి తానే వేసేది. అది ఏ కోణంలో పడుతుందో తనకే తెలుసు.

డ్రైవర్ సీటు వెనక ఇనుప హ్యాండిల్ ఒకటి ఉండేది. బ్యాటరీ మొరాయిస్తే దాన్ని ముందు బంపర్ రంధ్రంలోంచి దూర్చి ఇంజన్‌ను చేత్తో తిప్పాలి. డ్రైవింగ్‌తో పాటు కూతురికి అది నేర్పేటప్పుడు నేను అక్కడ ఉన్నాను. మేనత్త హ్యాండిల్ కన్నా ముందు ఆ పిల్ల బొటనవేలు పట్టుకుంది. "గిది హ్యాండిల్ సుట్టు తిప్పకు. మిగిలిన ఏళ్ల పక్కపొంటి పెట్టు. ఇంజను ఒక్కోపారి ఎదురు కొడ్తది. బొటనేలు సుట్టుకోని ఉంటె ఇరుగుతది. దాన్ని గట్టిగ పట్టుకోవాలె గని, దానికి సిక్కొద్దు." ఆ చివరి మాట నేను ఇంకెన్నో చోట్ల గుర్తు చేసుకున్నాను.

నాలుగేళ్ల కిందట అనుకుంటాను, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి కారును ఫిట్‌నెస్‌కు చూపించాల్సి వచ్చింది. తప్పితే తుక్కు కిందికే. ఉస్తాద్ కూడా ఆశ వదులుకున్నాడు. "ఛోడ్ దో ఆపా. సామాను దొర్కుతలేదు. నయీ గాడీ లేలో" అని కొత్త బండి కొనుక్కోమన్నాడు.

"నీ షాదీ అయ్యి ముప్పయేండ్లాయె. నువ్వు నయీ బీవీని తెచ్చుకున్నవా?"

"బీవీకి సామాను మార్చే పని లేదు గదా ఆపా!"

"ఇంటికి పొయ్యి గదే మాట ఆమె ముంగట అను."

ఉస్తాద్ రెండు వారాలు పాత బళ్ల షెడ్లన్నీ తిరిగి బ్రేకు సామాను తెచ్చాడు. పరీక్ష రోజున నేనూ వెంట వెళ్లాను. అధికారి చిన్నవాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని కింద గేరు కోసం చేయి చాపి, అక్కడ ఏమీ లేక తలెత్తాడు. "గేరు ఏదమ్మా?" "నీ ముంగటనే ఉన్నది బిడ్డా, స్టీరింగ్ పక్కపొంటి. నువ్వు గుంజు, భయపడకు, కరవదు." ఆయన కూడా నవ్వాడు. బ్రేకులు, దీపాలు, పొగ అన్నీ ఓపికగా చూశాడు. చివరికి సంతకం పెట్టాడు.

మేనత్త ఆ కాగితాన్ని నా ముందు పెట్టింది. "సర్కారే రాసిచ్చింది బతికున్నదని. ఇప్పుడన్న ఏస్తవా?"

అప్పటికి నేను నా సవరణ నేనే నిర్ణయించుకోగల స్థానంలో ఉన్నాను. పాత వ్యాసానికి ఇప్పుడు సవరణ ఏమిటని వాయిదా వేశాను. అలా వాయిదా వేస్తూనే ఉన్నాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక, మా పెద్దన్నయ్య పాత ఇనుము కొనే అతన్ని పిలిపించాడు. పెద్దామె పోయాక ఆ బండితో ఎవరికి పని అన్నది అన్నయ్య లెక్క. దురుద్దేశం లేదు. వచ్చినతను టైరు మీద తన్ని, తాళం తిప్పి చూశాడు. టక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఆగింది. "మర్‌గయీ అన్నా. కోసుడు తప్ప ఏం గాదు" అన్నాడు.

మరదలు ఆ మాట వింది. గుమ్మంలోంచి నేరుగా నా వైపు చూసింది. "బావా, నువ్వు జెప్పు. చచ్చిందా?"

అందరూ నా వైపు తిరిగారు. "ఒకపారి సూడకుంటనే రాసిన" అన్నాను. "ఈసారి సూసినంకనే చెప్త."

ఆమె నల్లా కింద చీర ముక్క తడిపింది. అది మేనత్త రోజూ కట్టిన చీరల్లోదే, నీలం అంచు. బానెట్ ఎత్తి పంపుకు చుట్టింది. తాళం తిప్పి ఉంచి, సీటు వెనక నుంచి హ్యాండిల్ తీసింది. ఇనుము అతను "అమ్మా, చేతికి తగుల్తది" అంటూ ముందుకొచ్చాడు. "నువ్వు జరుగు అన్నా" అంది. మొదటిసారి తిప్పితే ఏమీ కాలేదు. రెండోసారి ఇంజన్ ఎదురు కొట్టింది. హ్యాండిల్ విసురుగా వెనక్కి తిరిగింది. అన్నయ్య అరిచాడు. మరదలి చెయ్యి అప్పటికే ఖాళీగా ఉంది. అరచెయ్యి ఎత్తి మాకు చూపించింది. ఐదు వేళ్లూ బాగున్నాయి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంది.

మూడోసారికి ఇంజన్ అందుకుంది.

మరదలు మా ఎవరి ముఖాలూ చూడలేదు. పాలక్యాన్లు డిక్కీలో పెట్టి, సీటు మీద గోనెసంచి మడత సరిచేసుకుంది. వాళ్లమ్మ కన్నా పొడుగు మనిషి, ఆమెకు దాని అవసరం లేదు. అయినా దాని మీదే కూర్చుంది. పాత ఇనుము అతను తన తోపుడుబండిని పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

సవరణ: హైదరాబాద్ రోడ్ల మీద అంబాసిడర్ చచ్చిపోయిందని నేను రాసింది తప్పు. రాసేముందు ఇంటివాళ్లను అడగలేదు. తడిగుడ్డ గురించి రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

కారు సందు మలుపు తిరిగి ఛత్రినాక వైపు వెళ్లింది. ఇంజన్ కింద తడిగుడ్డలోంచి కారిన నీటిచుక్కలు మా కాళ్ల దగ్గర మొదలై మలుపుదాకా ఒక వరుసలో పడి ఉన్నాయి. ఎండకు మా దగ్గరివి ముందు ఆరాయి. మలుపు దగ్గరివి ఇంకా తడిగానే ఉన్నాయి.