రాజుగారి మాటగాడు

మా మామయ్య కొబినా అమిసా ముప్పై ఏళ్ళు రాజుగారికి నోరుగా బతికాడు. మా ఫాంటీ తెగలో రాజు నలుగురిలో గొంతెత్తడు. పక్కన నిలబడ్డ మాటగాడి చెవిలో మెల్లగా చెబుతాడు, మాటగాడు దాన్ని తీర్చిదిద్ది జనానికి వినిపిస్తాడు. జనం మెచ్చుకుంటే పేరు రాజుది, బెడిసికొడితే తప్పు మాటగాడిది. ఈ రెండోదే మామయ్య మెడకు చుట్టుకుంది.

తెల్లదొరల గవర్నరు మా రాజు నానా బెదూను శాసనమండలి సభ్యుణ్ణి చేసినప్పుడు ఊరంతా డప్పులు కొట్టింది. మామయ్య మాత్రం ముఖం వేలాడేశాడు. మా అడవిని ప్రభుత్వం తీసుకునే బిల్లు ఆ సభలోనే పెడతారని అప్పటికే తెలుసు. మా పెద్దల సమాధులన్నీ ఆ అడవిలోనే ఉన్నాయి.

రాజధాని దాకా ఇద్దరూ దారంతా ఒకే మాట వల్లె వేసుకున్నారు: మా పెద్దలు అక్కడ పడుకున్నారు, ఒప్పుకోం. తీరా సభ గుమ్మం దగ్గర బంట్రోతు అడ్డం నిలిచాడు.

"సభ్యులకే ప్రవేశం. నువ్వెవరు?"

"ఆయన మాటగాణ్ణి."

"ఆయనకు మాటలు రావా ఏం? పో, మెట్ల మీద కూర్చో."

నానా ఒక్కడే లోపలికి వెళ్ళాడు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని దుబాసీ ఫాంటీలో అడిగాడు. నానా ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ కుడివైపు ఒరిగి, చెప్పాల్సిందంతా మెల్లగా చెప్పేశాడు. ఆ పక్కన ఎవరూ లేరు. మామయ్య గొంతు కోసం కాసేపు ఎదురుచూసి, వినపడక తల తిప్పి చూసేసరికి బిల్లు పాసైపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఆ సభలో పూర్తి అంగీకారమే అయింది.

ఊళ్ళో జనం నిలదీశారు. నానా మా మామయ్య చెవిలో, "నీ తప్పేం లేదు, అడవి నావల్లే పోయిందని చెప్పు," అన్నాడట. మామయ్య జనం వైపు తిరిగి, "నానా చెప్పమన్నది నేను చెప్పలేదు. తప్పు నాది," అన్నాడు. ఆచారం అలా నేర్పింది మరి. ఆ ఆచారమంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చేపల అంగట్లో ఆడవాళ్ళు ఆయన్ని వదల్లేదు.

"ఏం కొబినన్నా, అడవి అమ్మేసి ఎన్ని సీసాల జిన్ను తాగావు?"

"నిజం చెప్పొచ్చుగా అన్నయ్యా!" అని మా అమ్మ ఏడ్చేది.

"రాజు తప్పంటే ఊరు కూలుతుందే. నేనైతే ఒక్క కొంపేగా."

నెమ్మదస్తుడని మెచ్చుకుని గవర్నరు నానాను మళ్ళీ సభ్యుణ్ణి చేశాడు.

మామయ్య పోయిన రోజు నానా వచ్చాడు. శవాన్ని చూస్తూ, కన్నీళ్ళు కారుతుంటే, కొత్త మాటగాడి చెవిలో చాలాసేపు ఏదో చెప్పాడు. కొత్తవాడు గొంతు సవరించుకుని, "కొబినా చేసిన తప్పును నానా క్షమించారు," అని చాటాడు. నానా ఉలిక్కిపడి వాడి వంక చూశాడు. నోరు తెరవబోయాడు, కానీ రాజు నలుగురిలో గొంతెత్తడుగా. అడవికి కంచె వేసేశారు కాబట్టి మామయ్యను రోడ్డు పక్కన ఎర్రమట్టిలో పూడ్చాం.