పన్నెండింటికి పండుకునే గడ్డి

ఓదెలుకి ఉన్న పట్టింపు ఒక్కటే. తన గడ్డిని ఎవరూ తొక్కకూడదు. ఇంటి ముందు నాలుగు మొక్కలు పెంచుకునేవాడికి ఇలాంటి పట్టింపు ఉంటే లోకానికి వచ్చే నష్టం లేదు. కానీ ఓదెలు ఉద్యోగం గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్ళో ఒక ఫుట్‌బాల్ మైదానాన్ని చూసుకోవడం.

ఆ మైదానం సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్‌ది. తమ దేశాల్లో మంచు కురిసే నెలల్లో ఆడుకోవడానికి చోటు లేని జట్లు అక్కడికి వచ్చి, మూడేసి వారాలు సాధన చేసుకుని వెళ్ళేవి. వాళ్ళ బుకింగులు చూసేది కాకినాడ జగన్మోహనరావు. మైదానాన్ని తొక్కడానికి మనుషుల్ని పిలవడం జగన్మోహనరావు పని, తొక్కనివ్వకపోవడం ఓదెలు పని. మధ్యలో నలిగిపోవడం కూడా జగన్మోహనరావు పనే.

ఓదెలుది కోరుట్ల దగ్గర పల్లె. అక్కడ పసుపు పండించినవాడు ఇక్కడికొచ్చి ఉప్పు ఇసుకలో గడ్డి మొలిపించాడు. అది ఎంత పచ్చగా ఉండేదంటే, షార్జాలో విమానం ఎక్కిన మలయాళీలు కిటికీలోంచి దాన్ని చూసి అప్పుడే కేరళ వచ్చేసిందనుకుని బెల్టులు విప్పుకునేవారని హోటల్లో చెప్పుకునేవారు.

ఆ గడ్డి మీదికి మామూలు మనుషులు చెప్పులతో రాకూడదు. ఆటగాళ్ళు బూట్లతో రావచ్చు, కానీ నిలబడకూడదు. "ఉరికెటోడు గడ్డికి చక్కిలిగిలి పెడ్తడు సారూ. నిలవడ్డోడు నొప్పి పెడ్తడు," అనేవాడు. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గడ్డి నిద్రపోతుంది. ఆ నాలుగు గంటలూ మైదానం చుట్టూ తాడు కట్టేసేవాడు. కోత యంత్రం తిరగకూడదు, నీళ్ళ పైపు విప్పకూడదు. ఓదెలు కింద పనిచేసే ఏడుగురిలో ఎవరూ గట్టిగా దగ్గకూడదు.

రెండువేల రెండు జూన్‌లో హోటల్ మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, ఒంటిగంటకి ఎరువు వేయమన్నాడు. ముదీర్ కైరోలో అయిదో అంతస్తులో పుట్టి పెరిగినవాడు. గడ్డిని దగ్గరగా చూసింది ఇక్కడే. ఓదెలు చెప్పేది అతనికి జగన్మోహనరావు ఇంగ్లీషులో చెప్పాలి.

"గడ్డి పండుకున్నది సారూ. నాలుగింటికి లేస్తది."

"అంటే?" అన్నాడు ముదీర్.

"నిద్రపోతోందట సార్," అన్నాడు జగన్మోహనరావు, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంటే.

"లేపితే?"

"అలుగుతది. అలిగితే పసుపెక్కుతది. ఇగ నేను జిమ్మేదారి గాను."

ముదీర్ ఆ పచ్చదనాన్ని చాలాసేపు చూశాడు. "ఖలాస్, నాలుగింటికే వేయండి," అని గొంతు తగ్గించి చెప్పి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటి జనవరిలో రష్యా నుంచి లెసోరుబ్ అనే జట్టు వచ్చింది. ఆ మాటకి కట్టెలు కొట్టేవాడని అర్థం. సోస్నోగోర్యే అని, ఎవరూ పేరు వినని ఒక ఊళ్ళో కోత మిల్లు కార్మికులు పెట్టుకున్న జట్టు అది. పంతొమ్మిది మంది దిగారు. చొక్కాల మీద నంబర్లు ఇళ్ళలో ఆడవాళ్ళు కుట్టినవి. ఇద్దరికి ఒకే నంబరు ఉంది. హోటల్ భోజనం ఖరీదని గదిలోనే ఓట్స్ గంజి కాచుకున్నారు. వాళ్ళ ముసలి కోచ్ స్తెపాన్ ఇవానిచ్‌కి ఇంగ్లీషు రాదు. మేనేజర్ దీమాకి వచ్చు.

మొదటి రోజే గోడ లాంటి మనిషి, గోల్‌కీపరు, రెండు కర్రల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓదెలు గట్టు మీంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్ గోలీ, నిలవడకు. జరుగు. అటు జరుగు, ఇటు జరుగు."

"ఏమంటున్నాడు?" అన్నాడు దీమా.

జగన్మోహనరావు చెప్పాడు. దీమా రష్యన్‌లో చెప్పాడు. గోల్‌కీపరు భయపడి జరగడం మొదలుపెట్టాడు. మూడు వారాలు ఓదెలు గోలు వెనకాలే కూర్చుని అతన్ని ఒక్కచోట నిలవనివ్వలేదు. ఆ ఏడాది వాళ్ళ డివిజన్‌లో అందరికంటే తక్కువ గోల్స్ ఇచ్చినవాడు అతనే. ఇది నూటికి నూరుపాళ్ళూ గడ్డి మహిమేనని ఓదెలు నమ్మకం.

రెండువేల నాలుగులో ఆ జట్టుకి అదృష్టం అర్కాదీ పెత్రోవిచ్ రూపంలో వచ్చింది. ఆయన ఆ ఊళ్ళోనే పుట్టి, నికెల్ గనులకి అధిపతి అయినవాడు. జట్టుని కొనేశాడు. తర్వాతి జనవరిలో వచ్చినవాళ్ళని జగన్మోహనరావు గుర్తుపట్టలేకపోయాడు. ఒక్కొక్కరికి ఆరు జతల బూట్లు, జట్టుకి సొంత వంటవాడు, గంజికి బదులు సాల్మన్ చేప. ఆ పై ఏడు సొంత విమానంలో దిగారు. ముగ్గురు బ్రెజిల్ వాళ్ళు, కండరాలు పిసకడానికి నలుగురు, ఏం తినాలో చెప్పడానికి ఒకరు, ఎలా నిద్రపోవాలో చెప్పడానికి మరొకరు. రెండువేల ఆరు చివర లెసోరుబ్ దేశంలోకెల్లా పై డివిజన్‌లోకి ఎక్కింది. వందేళ్ళ చరిత్ర ఉన్న రాజధాని జట్లని కోత మిల్లు ఊరు ఓడించడం జగన్మోహనరావు టీవీలో చూశాడు. భార్య సీతాదేవి రెండుసార్లు భోజనానికి పిలిచినా లేవలేదు. ఇద్దరికి ఒకే నంబరు కుట్టిన చొక్కాలు తన కళ్ళతో చూసినవాడు ఆయన.

"మన పిల్లలే ఓదెలూ," అన్నాడు మర్నాడు, తనకి తెలియకుండానే.

"నిలవడలే సారూ. ఒక్కడు గూడ నిలవడలే," అన్నాడు ఓదెలు.

డబ్బుతో పాటు కొత్త ఫిట్‌నెస్ ట్రైనరు కూడా వచ్చాడు. మెడలో విజిలు, చేతిలో గడియారం ఉన్నాయి, ముఖంలో జాలి లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలదని, మధ్యాహ్నం ఒంటిగంటకి మూడోసారి పరుగు పెట్టించబోయాడు. తాడు అడ్డం వచ్చింది. తాడు వెనకాల ఓదెలు ఉన్నాడు.

"గడ్డి పండుకున్నది."

ట్రైనరు విజిలు ఊదాడు. ఓదెలు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ట్రైనరు మళ్ళీ ఊదబోతే, ముదీరే ఆఫీసులోంచి బయటికొచ్చి ఊదవద్దని చేతులు ఊపాడు. మర్నాడు ట్రైనరు తెల్లవారకముందే జట్టుని దింపాలనుకున్నాడు. మైదానంలో సగానికి ఎర్ర గుడ్డలు కట్టి ఉన్నాయి.

"గడ్డికి జరమొచ్చింది. రెండు రోజులు ముట్టద్దు," అన్నాడు ఓదెలు.

ఆ రెండు రోజులూ ఇరవైనాలుగు మంది ఆటగాళ్ళు సముద్రం ఒడ్డున వెల్లకిలా పడుకున్నారు. ముసలి కోచ్ వెళ్ళి ఓదెలుకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఎందుకిచ్చాడో జగన్మోహనరావుకి అర్థం కాలేదు.

రెండువేల ఎనిమిది జనవరిలో జట్టు యజమాని అర్కాదీ పెత్రోవిచ్ స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. అప్పటికి లెసోరుబ్ పై డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచి, యూరప్ పోటీల్లో అడుగుపెట్టబోతోంది. ముదీర్ కొత్త కోటు వేసుకున్నాడు. కాఫీ బల్లలు బయట వేయించాడు. పన్నెండున్నరకి హెలికాప్టరు వచ్చింది. మైదానం మధ్యలో దిగాలని ఏర్పాటు.

మైదానం మధ్యలో ఓదెలు ఉన్నాడు. ఒట్టి కాళ్ళతో, రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. జీవితంలో ఆ ఒక్కసారే అతను గడ్డి మీద నిలబడ్డాడు.

"ఓదెలూ, నా ఉద్యోగం పోతుందయ్యా. పక్కకి రావయ్యా," అని జగన్మోహనరావు తాడు ఇవతల నుంచి బతిమాలాడు. చెప్పులు విప్పడానికి కూడా టైము లేదు, లోపలికి వెళ్ళడానికి ధైర్యమూ లేదు.

హెలికాప్టరు మూడుసార్లు చుట్టూ తిరిగింది. నాలుగోసారి కార్ల షెడ్డు పక్కన ఇసుకలో దిగింది. లేచిన దుమ్ముకి ముదీర్ కోటూ కాఫీ బల్లలూ ఒకే రంగులోకి వచ్చాయి. అర్కాదీ పెత్రోవిచ్ దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా తాడు దగ్గరికి నడిచాడు. దీమా వెనక పరుగెత్తాడు.

"నన్ను దిగనివ్వనివాడు ఎవడు?"

ఆ మాట దీమా ద్వారా, జగన్మోహనరావు ద్వారా, సగం మెత్తబడి ఓదెలుకి చేరింది.

"నేనే. గడ్డి పండుకున్నది. చూస్తనంటే బూట్లు ఇడిసి, మెల్లగ రమ్మనుండ్రి. ఒక్కడే."

ఈ మాటని మెత్తబరచడానికి జగన్మోహనరావుకి మార్గం దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి, వేల మందికి పని ఇచ్చే ఆ మనిషి ఇసుకలో కూర్చుని మేజోళ్ళు విప్పుకుంటున్నాడు. తాడు కింది నుంచి దూరి, ఓదెలు పక్కన పది అడుగులు వేశాడు. మళ్ళీ పది వేశాడు. అవతలి గోలు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మైదానం చుట్టూ ఉన్న డెబ్భై మందీ మునివేళ్ళ మీద లేచి చూశారు.

"ముప్ఫై ఏళ్ళయింది, చెప్పుల్లేకుండా నడిచి," అన్నాడు అర్కాదీ పెత్రోవిచ్. తర్వాత దీమాతో ఏదో చెప్పాడు. తన ఊళ్ళో కొత్త స్టేడియం కడుతున్నాడట. ఈ మనిషిని పంపమన్నాడు.

"మీ ఊర్ల గడ్డి ఎట్లుంటది?" అని అడిగాడు ఓదెలు.

"ఆరు నెలలు మంచు కింద ఉంటుంది," అని దీమా చెప్పాడు.

ఓదెలు నోరు తెరిచాడు. "ఆరు నెల్ల నిద్రనా," అన్నాడు ఎంతో గౌరవంగా. "అట్ల పండుకున్నంక నాకేం పని ఆడ? నేను రాను సారూ."

మనిషి రాకపోతే మనిషి విద్య అయినా రావాలని, అర్కాదీ పెత్రోవిచ్ హాలండ్ నుంచి ఒక గడ్డి శాస్త్రవేత్తని పంపించాడు. ఆయన ఫిబ్రవరిలో వచ్చాడు. మట్టి తీశాడు, వేర్లు కొలిచాడు, భూతద్దం పెట్టాడు. మూడో రోజు జగన్మోహనరావు గదిలో కూర్చుని టీ తాగుతూ అన్నాడు:

"ఇంత మంచి మైదానం నేను చూడలేదు. కానీ ఆ మధ్యాహ్నం తాడు ఎందుకు?"

"గడ్డి నిద్రపోతుంది కదండీ."

శాస్త్రవేత్త నవ్వాడు. "ఈ రకం గడ్డికి ఎండంటే ప్రాణం. ఒంటిగంటకి దీని మీద గుర్రాల్ని తోలినా ఏమీ కాదు. మీ ముదీర్ కూడా ఇదే అడిగాడు. బుకింగులు పెరిగాయట, మధ్యాహ్నం కూడా ఇవ్వచ్చా అని. రేపు రాసి ఇస్తాను."

జగన్మోహనరావు టీ చల్లారిపోయింది. ఆరేళ్ళుగా తను ఇంగ్లీషులో చెబుతూ వచ్చిందంతా అబద్ధమన్నమాట. లేచి, ఎండలో గబగబా మైదానం వెనకాల పనిముట్ల షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. లోపల చాపల మీద ఆరుగురు నిద్రపోతున్నారు. రాయచోటి రహమతుల్లా ఒక్కడే మేలుకుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు.

"రహమతుల్లా, గడ్డి నిద్ర అబద్ధమా?"

రహమతుల్లా సూది ఆపాడు. "మీకు తెల్దా సార్? తెలిసే చెప్తాండారు అనుకుంటి."

"నాకెలా తెలుస్తుందయ్యా?"

"ఇప్పుడంటే ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపల్లని సర్కారు రూలు పెట్టింది. మేమొచ్చిన ఏడు అది యాడుంది సార్? జూన్‌లో పైపు పట్టుకోని నేను గడ్డి మింద పడిపోతి. కండ్లు తెరిస్తే క్లినిక్కు. మనిషికి రెస్టు ఇయ్యమంటే ముదీర్ ఇయ్యడు, గడ్డికి అంటే ఇస్తాడు అనె ఓదెలన్న. ఆ పొద్దు నుంచే గడ్డికి నిద్ర పట్టె."

"మరి ఆ జ్వరం?"

"రష్యా పిల్లోళ్ళు కుంటతా మెట్లు దిగుతాంటే చూడలేకపాయ. వాళ్ళ ముసలాయనకి తెల్సు."

జగన్మోహనరావు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. కిందటేడాది సీతాదేవికి ఆపరేషన్ అయినప్పుడు ముదీర్ సెలవు ఇవ్వలేదు. ఆ మర్నాడే మైదానమంతా బూజు తెగులని ఓదెలు మూడు రోజులు మూయించాడు. పనేమీ లేదు, ఇంటికి పొమ్మని ముదీరే చెప్పాడు.

"ఆ బూజు…" అన్నాడు.

రహమతుల్లా తలొంచుకుని గుండీ కుట్టుకున్నాడు.

మర్నాడు ఒంటిగంటకి జగన్మోహనరావు ఆ శాస్త్రవేత్తని షెడ్డు దాకా తీసుకెళ్ళాడు. తలుపు తీసి చూపించాడంతే. కోత యంత్రానికి ఆనుకుని ఓదెలు కూడా కునుకు తీస్తున్నాడు. శాస్త్రవేత్త చాలాసేపు చూసి, తలుపు తనే మెల్లగా వేశాడు. సాయంత్రం ఇచ్చిన కాగితంలో, ఈ నేలలో, ఈ నీటితో, ఈ మైదానానికి మధ్యాహ్నం నాలుగు గంటల విశ్రాంతి ఏడాది పొడవునా తప్పనిసరి అని ఉంది. ముదీర్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"జగన్, నీకేమనిపిస్తుంది? నిజంగానే నిద్రపోతుందా?"

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో జగన్మోహనరావు పైవాళ్ళకి తెలిసి ఒక్క అబద్ధం చెప్పలేదు. గొంతు సవరించుకున్నాడు.

"నిద్రపోతుంది సార్. గురక కూడా పెడుతుంది. నేను స్వయంగా విన్నాను."

ఆ డిసెంబరులో దీమా ఒక ఫోటో పంపాడు. సోస్నోగోర్యే కొత్త స్టేడియం, కొండలా వెలిగిపోతోంది. మైదానం మీద రెండు అడుగుల మంచు. అంచున ఒక బోర్డు. గడ్డి నిద్రపోతుంది, పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరూ పనిచేయరాదు, యజమాని ఆజ్ఞ, అని దాని మీద రాసి ఉందట. బోర్డు వెనకాల పనివాళ్ళు వరసగా కూర్చుని టీ తాగుతున్నారు. ఈ ఆజ్ఞ ఎందుకో ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు, కానీ ఎవరూ అడగడం లేదని దీమా రాశాడు.

ఓదెలు ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గడ్డి ఎక్కడుందని అడగలేదు. టీ తాగేవాళ్ళని ఒక్కొక్కరినే చూస్తూ, "టోపీలు మంచియే ఇచ్చిండ్రు," అన్నాడు. తర్వాత అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఫోటో మూల మీద వేలు పెట్టాడు.

"గీడెవడు సారూ, నడుమల నిలవడ్డడు?"

"రెండడుగుల మంచు మీద నిలబడ్డాడయ్యా."

"మంచు కింద ఉన్నది గడ్డే గద. జరుగుమని రాయుండ్రి."

జగన్మోహనరావు కంప్యూటరు ముందు కూర్చుని, జరగమని రాశాడు.