చెవి మూసి నిజం చెప్పించిన కాంపౌండర్ సాబ్

చచ్చినోని చీటీ చెల్లదని గుత్తెదారు మా వదినను రాళ్ల పనిల నుంచి ఎల్లగొట్టిండు. ఆ చీటీ రాసిన మా ఇబ్రహీంపట్నం దవాఖాన కాంపౌండర్ సాబ్ మొన్న మంగళవారం పోయిండు. ఇయ్యాల నా ఎడమ చెవి వింటున్నదంటే ఆయన వల్లనే.

పోలీస్ యాక్షన్ అయినంక మిలిట్రీ క్యాంపుల, "కమ్యూనిస్టు సంగపోళ్లకు అన్నం పెట్టినవా?" అని ఆ చెవి మీద కొట్టిన్రు. దిమ్మెక్కి ఆ చెవికి ఏం వినబడలే. నేను పనిచేసే కాడ రాళ్లు పేల్చే ముందు ఈల ఊదుతరు. అది రెండు చెవులకు విననోడు పనికి రాడు. చిన్నమ్మ వెల్లుల్లి నూనె పొయ్యబోతే తప్పించుకొని దవాఖానకు పోయిన.

ఆయన చెవులు పరీక్ష చేసే రెండు కాళ్ల ఇనుప కడ్డీని, చల్లగ తగలొద్దని, ముందు అరచేతుల రుద్దేటోడు. మోకాలికి కొట్టి మోగించి చెవెనక ఎముకకు ఆనిచ్చిండు. వేలితో చెవి మూసిండు, తీసిండు.

"మూస్తే మోత పెరిగిందా?"

ఏ తేడా లేదు. అయినా పెరిగిందన్న. అడిగెటోనికి నచ్చేది చెప్పుడు క్యాంపుల అలవాటైంది.

"ఇది క్యాంపు కాదు కొడుకా. విన్నదే చెప్పు."

"పెరగలే సాబ్."

నా పని పోయిందని నేననుకుంటుంటే ఆయన నవ్విండు. "మంచి చెవైనా, నరం చెడ్డ చెవైనా మూస్తే మోత పెరుగుతది. నీకు పెరగలే. అంటే నరం కాదు, దెబ్బ చెవి దారిలనే. పొర చినిగింది, అదే అతుక్కుంటది. నీళ్లు పోనియ్యకు. చెవి పోపుగిన్నె కాదని మీ చిన్నమ్మకు చెప్పు."

నా అబద్ధం నిలబడితే నరం పోయినోళ్లల్ల కలిసిపోయేటోన్ని. దవాఖాన మెట్ల మీద కూసొని ఏడ్సిన, బరువు దిగినట్టు. నెలన్నరకు ఆ చెవికి ఈల వినబడ్డది.

వదినకు గట్ల కాలే. ఏండ్ల తరబడి పేలుళ్ల పక్కన తట్ట మోసింది. ఆమెకు చెవి మూస్తే మోత పెరిగింది. "ఇది తిరిగి రాదు బిడ్డా" అని మొఖం చూస్తనే చెప్పిండు. ఉత్త చేతులతోని పంపలే. 'ఈలతో పాటు ఎర్రగుడ్డ ఊపాలె, ఈమె పని చేస్తది' అని చీటీ రాసిచ్చిండు. అప్పటి సంది గుడ్డ చూసి అందరికంటె ముందు పక్కకు జరిగేది ఆమెనే.

గుత్తెదారూ, రాసినోడు పోయిండు. రాసింది అబద్ధం కాలే. వదినను పనిల పెట్టుకో. శుక్రవారం పొద్దుగూకేలోపల జవాబు కావాలె. రాకపోతే శనివారం నువ్వెంత ఊదినా ఒక్క సుత్తె లేవది.